పద్నాలుగో నంబరు సంచి

చెరకు తోటకు నిప్పు పెడితే ముందు బయటికి ఉరికేవి ఎలుకలు. వాటి వెనక పాములు. జయరాజ్‌కు పదేళ్లున్నప్పుడు, ఎడపల్లిలో వాళ్ల బాపు కౌలుకు చేసిన రెండెకరాల చెరకును పక్క పొలాలవాళ్లు నిలబడి తగలబెట్టించారు. ఎర్రకుళ్లు తెగులు సోకింది. గడను నిలువునా చీలిస్తే తెల్లగా ఉండాల్సిన లోపలి గుజ్జు నెత్తురు రంగుకు తిరిగి, పులిసిన కల్లు వాసన వేసేది. "నీ తోట నువ్వు కాలుస్తవా, మమ్ముల కాల్వమంటవా?" అని కర్రలతో వచ్చారు. బాపు అడ్డం పడితే నుదురు పగిలేలా కొట్టారు. నిప్పు పెట్టింది చివరికి బాపే. కంట్లోకి కారే నెత్తురును మోచేత్తో తుడుచుకుంటూ నాలుగు మూలలా అంటించాడు.

ఆ సాయంత్రమే, కొట్టినవాళ్లలో ఒకతని తల్లి రెండు జొన్నరొట్టెలు, ఇంత పప్పు గిన్నెలో తెచ్చి వీళ్ల గడప మీద పెట్టింది. పెట్టిన వెంటనే వెళ్లిపోయింది. జయరాజ్ ఆ కర్రలనూ మరువలేదు, ఆ రొట్టెలనూ మరువలేదు.

మొక్కల రోగాల మీద పనిచేసే ఒక పరిశోధన కేంద్రంలో క్షేత్ర సహాయకుడి ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసినప్పుడు అతను దరఖాస్తు పెట్టింది అందుకే. ఇంటర్ చదువు సరిపోయింది. నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. భార్య ఆశా పక్కవీధి క్లినిక్‌లో పని చేస్తుంది. ఆదివారం ఆరాధనకు అందరికంటే ముందు వచ్చి మందిరంలో చాపలు పరిచేవాడు అతనే. గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు తక్కువ.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఆ కేంద్రం ఒక సర్వే మొదలుపెట్టింది. ఈ ప్రాంతపు పసుపు తోటల్లో దుంపకుళ్లు ఏటా పెరుగుతోంది. ఆ తెగులును తెచ్చే బూజు కంటికి కనబడదు, నీళ్లలో ఈదుతుంది. పొలానికి రాకముందు అది ఎక్కడ బతుకుతోంది? అడవి చెట్ల వేళ్లలోనా, మట్టిలోనా, వాగులోనా? అది తేల్చడానికి ఇందల్వాయి అవతల అడవి అంచున పద్దెనిమిది చోట్లు గుర్తించారు. పెద్ద శాస్త్రవేత్త స్నేహలత మేడమ్. చెట్ల మధ్య తిరిగే మనిషి జయరాజ్.

పని తీరు ఇలా ఉండేది. ఎంచుకున్న చెట్టు మొదట్లో నాలుగు దిక్కులా నాలుగు గుప్పెళ్ల మట్టి తీసి సంచిలో కట్టాలి. మచ్చలున్న ఆకులు తెంపాలి. వాగులో తెగులుకు ఎర వేయాలి. ఎర అంటే దోసకాయ ముక్కలు, నాలుగు పచ్చి ఆకులు. వాటిని దోమతెర గుడ్డ సంచిలో కట్టి, తేలేలా రాతికి ముడివేసి ఐదు రోజులు వదిలేస్తారు. నీళ్లలో బూజు ఉంటే వచ్చి ముక్కను పట్టుకుని, కంటికి కనబడేలా పెరుగుతుంది. ఒకచోటి బురద ఇంకొకచోటికి పోకుండా, వచ్చేముందూ పోయేముందూ బూట్లు కడిగి స్పిరిట్ చల్లుకోవాలి. సంచులకు కట్టే దారం ఏ రంగైనా ఫరవాలేదన్నారు మేడమ్. గుడి ముందు దుకాణంలో ఎర్ర దారం ఉండ దొరికింది. పచ్చని అడవిలో దూరానికే కనబడుతుందని జయరాజ్ అదే కొన్నాడు. మట్టి తీసే ప్రతిచోటా కళ్లు మూసుకుని, చేసే పనిలో తప్పు దొర్లనివ్వకు ప్రభువా అని పెదవులు కదిలిస్తూ ప్రార్థన చేసుకునేవాడు.

నాలుగు దిక్కుల మన్ను, ఎర్ర దారం, నీళ్లలో కాయ ముక్కలు, పెదవుల మీద మాటలు. దూరం నుంచి చూసినవాళ్లకు అది ఎలా కనబడుతుందో అతనికి తట్టలేదు.

పద్నాలుగో చోటు మామిడికుంట అనే చిన్న పల్లె వెనక పారే వాగు. మొదటిసారి కట్టిన సంచి ఐదో రోజుకు లేదు. గుడ్డ కోసమో దారం కోసమో ఎవరో విప్పుకుపోయారు. రెండోసారి సోమవారం పొద్దున అతను ముడి వేస్తుంటే వెనకనుంచి గొంతు వినబడింది.

"గిదేంది బిడ్డా, దోసకాయకు తానం వోస్తున్నవా?"

వాగు పక్క గుడిసెలో ఒంటరిగా ఉండే ఎల్లవ్వ. ఎండాకాలం తునికాకు ఏరుతుంది, మిగతా దినాలు బీడీలు చుడుతుంది. డెబ్బై దాటాయి.

"తానం గాదవ్వా, ఎర. చేపకు ఎర ఏస్తరు సూడు, గట్ల. గీ నీళ్లల్ల తెగులుంటే వచ్చి పట్టుకుంటది."

"పట్టుకున్నంక? కూర వండుతరా?"

"మా మేడమ్ అద్దాలకెల్లి సూస్తది."

"సూసుడేనా! నేనింకా తింటరనుకున్న." ఆమె నోటినిండా నవ్వింది. ఆ వయసులోనూ పళ్లు గట్టిగా, వరుసగా ఉండేవి. గుడిసెలోకి పిలిచి జొన్న గట్కలో మజ్జిగ కలిపి పెట్టింది. తినేదాకా ఎదురుగా కూర్చుని ఈగలు తోలింది.

వెళ్లేటప్పుడు జయరాజ్ ఒక మాట అడిగాడు. "అవ్వా, శుక్రవారం దాక జర సంచి మీద ఓ కన్నేసి ఉంచు. వాగొస్తే ఒడ్డుకు జరుపు. గని ఎవ్వలికీ జెప్పకు. తెలిస్తే మల్లా ఇప్పుకపోతరు."

"నా నోట్ల కెల్లి రాదు పో. మా ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు."

అంత పెద్ద ఒట్టు దేనికని అతను నవ్వాడు.

ఆ వారం వాన విడవకుండా కురిసింది. మంగళవారం పల్లెలో రెండు బర్రెలు గొంతు వాచి, నురగలు కక్కి చచ్చాయి. బుధవారం ఇంకొకటి. గురువారం సిద్దిరాములు బిడ్డ అఖిలకు జ్వరం వచ్చింది. ఐదేళ్ల పిల్ల. శుక్రవారం తెల్లారేసరికి కళ్లు పైకి తేలేసి, కాళ్లూచేతులూ కొట్టుకుంది. సిద్దిరాములు ట్రాక్టర్ నడుపుతాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. అంతకుముందు ఏడాది ఎల్లవ్వ కాలు విరిగితే ట్రాక్టర్‌లో గడ్డి పరిచి, కుదుపు తగలకుండా ఆస్పత్రికి తీసుకుపోయింది అతనే. ఆ పొద్దున భూతవైద్యుడిని పిలుద్దామని బయల్దేరినవాడు, వాగులో మోకాలిలోతున నిలబడి ఎర్ర దారం కట్టిన సంచిని ఒడ్డుకు జరుపుతున్న ఎల్లవ్వను చూశాడు.

సంచి లాక్కుని చించాడు. కుళ్లిన దోసకాయ ముక్కలు, నల్లబడిన ఆకులు, నంబరు రాసిన చీటీ.

"బాణామతి!" అని అరిచాడు. ఆ ఒక్క మాటకు పల్లె పల్లెంతా వాగు ఒడ్డుకు వచ్చింది.

జుట్టు పట్టి రాళ్ల మీద ఈడ్చుకొచ్చారు ఆమెను. కరెంటు స్తంభానికి కట్టారు. "ఎవల మీద జేసినవే? ఎవడు నేర్పిండు? జెప్పు!" అన్నారు. చింత బరికెలు విరిగేదాకా కొట్టారు. ఆమె పెదవి విప్పలేదు. విప్పకపోవడమే ఆమె మంత్రగత్తె అనడానికి సాక్ష్యమైంది. మంత్రం పలకకుండా చేయాలంటే పళ్లు ఉండకూడదని ఎవరో అన్నారు. సిద్దిరాములు ట్రాక్టర్ పెట్టెలోంచి కటింగ్ ప్లయర్ తెచ్చాడు. ఇద్దరు ఆమె తలను స్తంభానికి అదిమి పట్టారు. మొదటి పన్ను విరిగింది గానీ ఊడలేదు. మళ్లీ పట్టాడు. ముందు పళ్లు నాలుగు పీకేశాడు. ఆ నాలుగు పళ్లూ బురదలో పడ్డాయి. శ్యామలమ్మ అనే ముసలామె మాత్రం గుంపులోంచి వచ్చి, నెత్తురు గొంతుకు అడ్డం పడకుండా ఎల్లవ్వ తలను పక్కకు తిప్పి పట్టుకుంది. ఆమెనూ నెట్టేశారు. ఆమె మళ్లీ వచ్చి పట్టుకుంది.

జయరాజ్ బండి పల్లె మలుపు తిరిగేసరికి పది దాటింది.

నెత్తుటి ముఖంతో వేలాడుతున్న మనిషిని ముందు అతను గుర్తుపట్టలేదు. సిద్దిరాములు చేతిలో ఎర్ర దారం చూశాకే ఆమె ఎవరో, ఎందుకో, అన్నీ ఒక్కసారి తెలిశాయి. బండి ఇంకా ఆపలేదు. అక్కడ అతన్ని ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె వాచిన కళ్లతో అతన్ని చూసింది. చూసి, తల అవతలికి తిప్పుకుంది. పొమ్మని చెప్పినట్టు.

తరవాత అతను మందిరంలో చెప్పిన మాట ఇది: "ఆమె అట్ల తల తిప్పకపోతే నేను బండి తిప్పేటోణ్ణేమో."

బండి స్టాండ్ వేసి, తాళం జేబులో పెట్టుకుని గుంపులోకి నడిచాడు.

"ఆమెను ఇడువుండ్రి. గా సంచి నాది. కట్టింది నేను."

"నువ్వెవడ్రా?"

"తెగుళ్ల ఆఫీసుల పని జేస్త. గది మంత్రం గాదన్నా, పరీక్ష. పసుపు కుళ్లుతుంది గద, అందుకు. నమ్మకుంటే సూడుండ్రి, గిట్లాంటియి ఇంకా ఉన్నయి." నిజం రుజువు చేద్దామని భుజం సంచి విప్పి చూపించాడు. అప్పటిదాకా వేరే వాగుల్లోంచి తీసిన పదమూడు సంచులు, పదమూడు మట్టి పొట్లాలు, అన్నింటికీ ఎర్ర దారం.

సిద్దిరాములు వాటిని చూసి వెనక్కి అడుగేశాడు. "అమ్మో! పదమూడూర్ల మీద జేసిండురా వీడు!"

మొదటి దెబ్బ చెవి మీద పడింది. పడిపోయాక ఎన్ని కాళ్లు తగిలాయో అతనికి తెలియదు. పక్కటెముక విరిగిన చప్పుడు మాత్రం తనకే వినబడిందన్నాడు. "గీ చేతులతోనే గదరా ముడులేసినవ్" అంటూ ఒకడు అతని ఎడమ చేతిని రాతి మీద పరిచాడు. ఇంకొక రాయి ఎత్తి వేళ్ల మీద దించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. సిద్దిరాములు వాగు సంచిలోని కుళ్లిన ముక్కలు తెచ్చి అతని దవడలు పట్టి తెరిచాడు.

"మంత్రం గాదంటివి గద! తిను! తిని సావు!"

జయరాజ్ తిన్నాడు. నెత్తురుతో, బురదతో కలిపి మింగాడు. వాంతి వస్తే ఆపుకుని మళ్లీ మింగాడు. "తిన్న. సూడు, తిన్న. ఇగ ఆమెను ఇడువు" అన్నాడు. మంత్రగాడికి మంత్రం తగలదని గుంపులోంచి జవాబు వచ్చింది.

"మాటలెందుకు, ఇద్దర్నీ కలిపి కాల్చెయ్యుండ్రి" అన్నారెవరో. "వాని బండిలకెల్లే పెట్రోల్ దీయుండ్రి." పైపు తేవడానికి ఒకడు ఇంట్లోకి ఉరికాడు.

అప్పుడే సిద్దిరాములు భార్య సుమన పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. మంత్రగాళ్లను కొడితే పిల్లకు తగ్గుతుందన్నారని చూపించడానికి తెచ్చింది. పిల్ల మళ్లీ కొట్టుకుంటోంది. నోటి పక్కన నురగ. జయరాజ్ పడ్డచోటినుంచే చూశాడు. చెరకు తోట కాల్చిన ఏడాది అతని చెల్లెలు అలాగే కొట్టుకుని, ఇంట్లోనే చనిపోయింది.

"అక్కా," అన్నాడు. మాట సరిగా రావడం లేదు. "పొల్లకు మెదడు జరం లెక్కున్నది. మమ్ముల సంపినంక తగ్గుతదని సూస్తే అందదు. దవాఖానకు తీస్కపో. నా జేబుల తాళమున్నది. బండి తీస్కపో."

"నోర్మూయ్!" సిద్దిరాములు అతని ముఖం మీద తన్నాడు.

సుమన వంగింది. మొగుడి కాలిని చేత్తో అవతలికి నెట్టి, నెత్తురంటిన ఆ జేబులో చెయ్యి పెట్టి తాళం తీసింది.

"ఏం జేస్తున్నవే?"

"వాడు మంత్రగాడే అనుకో. నా బిడ్డ సస్తుంటే వాడు బండిచ్చిండు. నువ్వేమిచ్చినవ్? పొద్దటి సంది పండ్లు పీకుతున్నవ్!" తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్ కృష్ణా! కట్టె కింద పడెయ్. బండి దీయ్!"

కృష్ణ కాసేపటి కిందట రాయి దించినవాడు. కట్టె చూసుకున్నాడు, పిల్లను చూశాడు. కట్టె పడేశాడు. పైపు తెచ్చినవాడు బండి దగ్గరికి వచ్చేసరికి కృష్ణ కిక్కు కొట్టాడు. వెనక సుమన, ఆమె ఒళ్లో పిల్ల. ఎల్లవ్వనూ జయరాజ్‌నూ కాల్చాల్సిన పెట్రోలు ఆ పిల్లను మోసుకుంటూ మలుపు తిరిగి వెళ్లిపోయింది.

ట్రాక్టర్ డీజిల్ ఉందన్నాడు ఒకడు. డబ్బా పొలంలో ఉంది. ఇద్దరు తేబోయారు. ఈలోపు ఇంకా తన్నేవాళ్లు తన్నుతూనే ఉన్నారు, కానీ కొందరు ఆడవాళ్లు పిల్లలను తీసుకుని ఇళ్లకు మళ్లారు. శ్యామలమ్మ ఎల్లవ్వ కట్లు విప్పి ఒళ్లో పడుకోబెట్టుకుంది. "ఏస్తే నా మీద గూడ ఏయుండ్రి డీజిల్. నాకు డెబ్బై నాలుగు. గీ చలికి జర కాగినట్టుంటది" అంది. డబ్బా తెచ్చినవాళ్లు దాన్ని కింద పెట్టలేదు, మూత కూడా తీయలేదు. పట్టుకునే నిలబడ్డారు. హైవే మీద గస్తీ పోలీసుల జీపు కనబడితే కృష్ణ ఆగి, తామేం చేశామో తానే చెప్పాడు. ఆ జీపు వచ్చేదాకా వాళ్లు అలాగే నిలబడ్డారు.

అఖిల బతికింది. ఇంకో రెండు గంటలైతే చెప్పలేమన్నారు డాక్టర్లు. ఎల్లవ్వ నలభై రోజులు నిజామాబాద్‌లో ఆస్పత్రిలో ఉంది. జయరాజ్ మగవాళ్ల వార్డు నుంచి, పక్కటెముకలకు పట్టీతో గోడ పట్టుకుని నడుస్తూ, మూడో రోజు ఆమె దగ్గరికి వెళ్లాడు. మంచం పక్కన నిలబడి చాలాసేపు ఏడ్చాడు.

"ఒక్క మాట జెప్తే అయిపోవు గదవ్వా. సంచి గా ఆఫీసు పిలగానిదని."

ముందు పళ్లు లేని నోటితో ఆమె మాట గాలిలా వచ్చింది. "నువ్వే గద బిడ్డా చెప్పకన్నవ్."

అతనికి నిద్రపట్టనివ్వనిది వేళ్ల నొప్పి కాదు, ఆ మాట. పోలీసుల ముందూ తరవాత కోర్టులోనూ కొట్టినవాళ్ల పేర్లు చెప్పాడు. దాంతోపాటు, ఎవరూ అడగకుండానే, ఊళ్లో చెప్పకుండా సంచులు కట్టింది తాననీ, నోరు మూసుకోమని ఆమెకు చెప్పింది కూడా తానేననీ రాయించాడు. వకీలు వద్దన్నా రాయించాడు.

స్నేహలత మేడమ్ పద్నాలుగో చోటును సర్వేలోంచి తీసేస్తానన్నారు. పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంటే ఉండనీ అన్నారు. జయరాజ్ ఒప్పుకోలేదు. మరుసటి వానాకాలం తానే మామిడికుంటకు వెళ్లాడు. ఈసారి వాగుకు పోలేదు. పల్లె మధ్య, అదే కరెంటు స్తంభం కింద కూర్చుని అందరూ వచ్చేదాకా ఆగాడు. దోసకాయ వాళ్ల ముందే కోశాడు. సగం తిన్నాడు, సగం సంచిలో వేశాడు. సంచిని చేతులు మారనిచ్చి, పిల్లలతో వాసన చూపించి, అప్పుడు వాగుకు నడిచాడు. వెనక పల్లె సగం నడిచింది. ఇప్పుడు పద్దెనిమిది చోట్లా అతని పద్ధతి అదే. పని ఒక పూట ఆలస్యమవుతుంది. మేడమ్ ఏమీ అనరు.

ఆ రోజు వాగు ఒడ్డున ఎల్లవ్వ రాయి మీద కూర్చుని ఉంది. సుమన రోజూ మెత్తగా వండి పంపే అన్నం ఆమె పక్కన గిన్నెలో ఉంది. వంగని రెండు వేళ్లతో జయరాజ్ ముడి వేయడానికి తంటాలు పడుతుంటే, ఆమె సంచి లాక్కుంది.

"గిదేంది, నీలం దారం తెచ్చినవ్?"

"ఎర్రదెందుకవ్వా మల్లా."

"నీలమైతే నీళ్లల్ల నాకేం కనవడతది? ఎర్రదే కట్టు." తన పాత చీర అంచు చింపి, ఎర్రటి పేలిక తానే కట్టింది.

ఆ ఐదు రోజులూ ఆమె ఆ రాయి దిగలేదు. దారిన పోయే ప్రతి మనిషినీ, మేకలు తోలేవాళ్లనూ, కట్టెలకు పోయేవాళ్లనూ ఆపి మరీ చెప్పింది. ఐదో రోజు బెయిలు మీద వచ్చిన సిద్దిరాములు ట్రాక్టర్ వాగు దాటడానికి వచ్చి, ఆమెను చూసి దూరంగానే ఆగిపోయింది.

"ఏయ్ సిద్దిరాములూ!" ఆమె చెయ్యెత్తి అరిచింది. "ఆగినవేంది, ఇటు రా! గిది జయరాజ్ సంచి. నంబరు పద్నాలుగు. లోపల దోసకాయ ఉన్నది. సూసినవా?"

సిద్దిరాములు దిగి, తల వంచుకుని నీళ్ల దాకా వచ్చాడు.

"సూసిన అవ్వా."

"తెలిసిందా ఎవలిదో?"

"తెలిసింది."

"మరి పో. సంచి తెగకుంట పక్కకెల్లి తోలు."

అతను ట్రాక్టర్‌ను వెనక్కి తీసి, చాలా చుట్టు తిరిగి కింది రేవున దాటాడు. ఆ సాయంత్రం జయరాజ్ సంచి విప్పితే దోసకాయ ముక్క చుట్టూ తెల్లటి బూజు దూదిలా పట్టి ఉంది. చీటీ మీద తేదీ రాసుకున్నాడు. ఎల్లవ్వ వంగి చూసి, "పడ్డదా?" అని అడిగింది.

"పడ్డదవ్వా."

"ఇగ మీ మేడమ్‌కు జెప్పు. ఊళ్లె నేను జెప్త."